కత్తి పొడవు: 28 అంగుళాలా, 36 అంగుళాలా?

తమ్మీ, నీ ప్రశ్న బాగా పెద్దగా ఉంది. చదివేవాళ్లందరికీ అర్థం కావాలని ముందు దాన్ని కుదించి రాస్తున్నా. మీది జడ్చర్ల దగ్గర ఊరు, నీ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. కర్రసాము బాగానే పట్టుబడింది, ఇప్పుడు గురువుగారు కత్తి పట్టమన్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే 26 నుంచి 38 అంగుళాల దాకా కనిపిస్తున్నాయి. మీ మామేమో 36కు తక్కువైతే కొననే వద్దంటున్నాడు, పొడుగు కత్తి ఉన్నవాడిదే పైచేయి అంటున్నాడు. మిద్దె మీద ప్రాక్టీసుకు, దసరాకు ఊళ్లో చేసే ప్రదర్శనకు, మీ యువజన సంఘం వేసే నాటకానికి ఒకే కత్తి సరిపోతుందా? ఇంట్లో గోడకు వేలాడుతున్న తాతల నాటి తల్వార్‌తో సాము చేయొచ్చా? ఇవీ నీ సందేహాలు.

జవాబు ముందే చెప్పేస్తా. ప్రాక్టీసుకు 28 అంగుళాల బ్లేడు, అదీ మొద్దు అంచుది. జోడు కత్తులు తిప్పే దశకు వచ్చినప్పుడు 24. నాటకానికి 24 నుంచి 26, కర్రతో చేసింది. తల్వార్ గోడ మీదే ఉండనీ. 36 అంగుళాలది ఇప్పట్లో వద్దు. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపెయ్, ఫర్వాలేదు. నేను నల్లగొండలో పిల్లలకు కర్రసాము, కత్తిసాము నేర్పిస్తుంటా, నాటకాల వాళ్లకు కత్తులు చేయించి ఇవ్వడం కూడా అలవాటైన పనే. ప్రతి ఏడూ బతుకమ్మ రోజులు దగ్గర పడుతున్నాయంటే ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే ఈసారి వివరంగా రాస్తున్నా.

కొనేముందు ఒకటి తేల్చుకో. ఆన్‌లైన్‌లో 36 అని రాసి ఉన్న కత్తుల్లో చాలావాటికి అది పిడితో కలిపి మొత్తం పొడవు. తల్వార్ రకం పిడికి ఆరేడు అంగుళాలు పోతాయి, అంటే బ్లేడు 30 లోపే. ఇంకొకడి దగ్గర 36 అంటే బ్లేడే 36. రెండింటికీ అరడుగు తేడా, ఫొటోలో మాత్రం ఒకేలా ఉంటాయి. వంపు కత్తికి బ్లేడు పొడవంటే పిడి దగ్గరి అడ్డపట్టీ నుంచి మొన దాకా దారం బిగించి తిన్నగా కొలిచిన కొలత, వంపు వెంట టేపు ఆనించి తీసింది కాదు. ఇక నుంచి నేను చెప్పే అంకెలన్నీ బ్లేడువే.

మీ మామ మాట పూర్తిగా తప్పేం కాదు. చదునైన మైదానం, ఎదురెదురుగా ఇద్దరు, చెరో కత్తి, డాలు లేదు, పక్కన గోడ లేదు, మూడో మనిషి లేడు అనుకో. అక్కడ నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండటం చాలా పెద్ద లాభం. ఎదుటివాడు నిన్ను అందుకోవాలంటే ఇంకో అడుగు వేయాలి, ఆ అడుగు పడేలోపే నీ మొన అతన్ని చేరుతుంది. యూరప్‌లో 16వ శతాబ్దంలో ఈ లాభం కోసమే ఒకడిని చూసి ఒకడు పెంచుకుంటూ పోయి రేపియర్ అనే సన్నటి కత్తులు విపరీతంగా పొడుగయ్యాయి. చివరికి ఇంగ్లండ్‌లో మొదటి ఎలిజబెత్ రాణి ప్రభుత్వం గజం మీద గజంలో ఎనిమిదో వంతు, అంటే నలభైన్నర అంగుళాలకు మించిన బ్లేడు ఎవరూ పెట్టుకోవద్దని ఉత్తర్వులు తీయాల్సి వచ్చింది. వీధిలో జనానికి తగిలేంత పొడుగు మరి.

కానీ ఆ లాభం మొన దగ్గర ఉన్నంతసేపే. ఎదుటివాడు మొన దాటి లోపలికి వచ్చేశాడంటే పొడుగు కత్తిని వెనక్కి లాక్కునే జాగా ఉండదు, పొట్టి కత్తి ఉన్నవాడు అప్పటికే పని ముగిస్తాడు. ఇంకో నష్టం ఉంది, అది ఫొటోలో కనిపించదు. ఒక గడ్డపారను నడుమ పట్టుకుని తిప్పి చూడు, తర్వాత ఒక కొస పట్టుకుని తిప్పి చూడు. బరువు అదే, మణికట్టు మీద పడే భారం మాత్రం ఎక్కడికో పోతుంది. ఒకే మందం, ఒకే వెడల్పు ఉన్న బ్లేడును 30 నుంచి 36కు పెంచితే బరువు 20 శాతమే పెరుగుతుంది. అదే వేగంతో తిప్పడానికీ, తిరుగుతున్నదాన్ని ఆపడానికీ కావలసిన బలం 70 శాతం పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది పొడవు ఘనాన్ని బట్టి పెరిగే లెక్క. పనితనం ఉన్నవాడు చేసిన బ్లేడు మొన వైపు వెళ్లే కొద్దీ పలచబడుతుంది కాబట్టి దానిలో తేడా ఇంత ఉండదు. బజారులో దొరికే చవక కత్తులు ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకే మందం ఇనుప పట్టీలు, వాటికి ఈ లెక్క అచ్చంగా పడుతుంది.

కాబట్టి మొన ఎంత దూరం అందుతుందని నేను పిల్లల్ని అడగను. తిప్పుతూ ఉండగా నేను ఆగు అన్నప్పుడు మొనను ఆపగలవా అని అడుగుతా. నువ్వు ఆపగలిగినంతే నీ పొడవు. అది నీ ఎత్తును బట్టి, ఒంట్లో సత్తువను బట్టి, చుట్టూ ఉన్న జాగాను బట్టి, రెండో చేతిలో ఏముంది అన్నదాన్ని బట్టి మారుతూ ఉంటుంది. ఒకే మనిషికి పొద్దున ఒకటి, అలసిపోయాక ఒకటి ఉంటుంది, నవ్వకు, నిజమే.

దీన్ని ఎలా చూసుకోవాలో చెబుతా. కత్తి లేకపోయినా ఫర్వాలేదు, సన్నటి కర్రను 28, 30, 32, 36 పొడవుల్లో కోసుకుని చేసి చూడొచ్చు. పట్టుకోవడానికి పిడి వైపు జానెడు అదనంగా వదులు.

చెప్పులు విడిచి గచ్చు మీద నిటారుగా నిలబడి, చెయ్యి వదులుగా కిందికి వేలాడదీయి. నీ ఎత్తు మనిషికి పిడికిలి నేల నుంచి దాదాపు 28 అంగుళాల పైన ఉంటుంది. ఇప్పుడు మణికట్టు వంచి మొనను మడమ పక్కగా వెనక్కి తీసుకెళ్లు, కాళ్ల పక్కన చక్రం తిప్పేటప్పుడు వెళ్లే దారి అదే. 28 బ్లేడు నేలకు తగలకుండా పోతుంది. 30 కొంచెం జాగ్రత్తగా ఉంటే పోతుంది. 32 దగ్గర గీసుకోవడం మొదలవుతుంది. 36 అయితే మొన గచ్చుకు కొట్టుకుని మణికట్టు ఝుమ్మంటుంది, ఇనుపదైతే మొన వంగుతుంది కూడా. దీనికంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. పొడుగు కత్తితో మొదలుపెట్టినవాడు నేలను తప్పించడానికి తెలియకుండానే మోచెయ్యి ముడుచుకుని, భుజం పైకి లాక్కుంటాడు. కొన్ని నెలలు అలా అలవాటైతే తర్వాత చిన్న కత్తి చేతిలో పెట్టినా ఆ భుజం కిందికి దిగదు. నా దగ్గరికి వేరే చోట నేర్చుకుని వచ్చిన పిల్లల్లో చాలామందికి దించాల్సి వచ్చేది ఈ భుజమే.

రెండోది నిమ్మకాయ పరీక్ష. బట్టలారేసే దండేనికి దారంతో ఒక నిమ్మకాయను ఛాతీ ఎత్తున వేలాడదీయి. భుజం మీదుగా కర్రను పూర్తి వేగంతో తెచ్చి నిమ్మకాయకు బెత్తెడు దూరంలో ఆపు. మొదటి నాలుగైదు సార్లు ఎవడైనా ఆపుతాడు, దాన్ని లెక్కలోకి తీసుకోకు. పావుగంట సాము చేసి, చెమటలు పట్టి, అరచెయ్యి తడిగా ఉన్నప్పుడు మళ్లీ చెయ్యి. నిమ్మకాయ ఊగిందంటే అది నీకు పొడుగైనా అయ్యుండాలి, బరువైనా అయ్యుండాలి. అదే కర్రను రెండు అంగుళాలు కోసి మళ్లీ చూడు. ఇప్పుడు ఆగితే పొడవు సమస్య, ఆగకపోతే బరువు సమస్య. నీ వయసు పిల్లలు 30 దగ్గర బాగానే ఆపుతారు, అలసిపోయాక 28 దగ్గర స్థిరపడతారు. 28 అని చెప్పడానికి ఇదే ముఖ్య కారణం.

మూడోది ఒర. ఎడమ నడుముకు ఒర కట్టుకుని కుడి చేత్తో దూసేటప్పుడు, చెయ్యి చాచినంత మేరే బ్లేడు బయటికి వస్తుంది. నీ ఎత్తుకు 28, 30 సాఫీగా వస్తాయి. 34 దాటితే ఎడమ చేత్తో ఒరను వెనక్కి గుంజాలి, నడుము కూడా తిప్పాలి. 36 దగ్గర మొన నాలుగు వేళ్లంత ఒరలోనే ఉండిపోయి చెయ్యి గాలిలో ఆగిపోతుంది. నాటకంలో రాజుగారు ఆవేశంగా డైలాగ్ కొడుతూ ఇలా ఇరుక్కుంటే జనం ఊరుకుంటారా? సినిమాల్లో వీపుకు ఒర కట్టుకుని భుజం మీదుగా బారెడు కత్తి దూస్తుంటారే, దాన్ని నమ్మకు. మామూలు ఒరతో అది అయ్యే పని కాదు.

ఇక జాగా. ఇంట్లో అయితే అసలు వద్దు. నీ ఎత్తువాడు చెయ్యి పైకెత్తితే పిడికిలి ఆరున్నర అడుగులు దాటుతుంది. దాని మీద 28 అంగుళాలు వేసుకుంటే తొమ్మిది అడుగులు. సీలింగ్ ఫ్యాన్ రెక్కలు మామూలుగా ఎనిమిది అడుగుల ఎత్తున తిరుగుతుంటాయి. మిగతాది నువ్వే ఊహించుకో. వానాకాలంలో బయట జాగా లేక లోపలే చేయాల్సి వస్తే 18 అంగుళాల కర్ర తీసుకుని కాళ్ల కదలికలు, మణికట్టు పని మాత్రం చేసుకో, అది కూడా చాలా ఉపయోగమే.

మిద్దె మీద అయితే నీ చెయ్యి రెండు అడుగులు, బ్లేడు రెండుంబావు అడుగులు, ముందుకేసే అడుగు ఇంకో రెండున్నర. కలిపితే నీ చుట్టూ ఏడు అడుగులు ఖాళీ కావాలి. నీళ్ల ట్యాంకు, దాని పైపులు, దండెం తీగ, పిట్టగోడ మీది పూలకుండీలు వీటన్నిటినీ లెక్కేసుకుంటే మన ఇళ్ల మీద అంత జాగా దొరకడం కష్టమే. 36 పట్టుకుంటే దాదాపు ఎనిమిది అడుగులు కావాలి. తమ్ముడో చెల్లెలో చాయ్ తెచ్చేది కూడా ఈ మిద్దె మీదికే కాబట్టి మెట్ల తలుపుకు లోపల గొళ్లెం పెట్టుకునే మొదలుపెట్టు.

దసరా ప్రదర్శనకు పొడవు ఇంకా తగ్గించాలి. అక్కడ జనం గుండ్రంగా నిలబడతారు, మొదట్లో వదిలిన జాగా చివరికి సగం కూడా మిగలదు, ఫోన్లో వీడియో తీసేవాడు ఒక్కో అడుగూ ముందుకొస్తూనే ఉంటాడు. ఒంటి కత్తి అయితే 26 నుంచి 28, జోడు కత్తులైతే 24 చాలు. జోడు కత్తుల్లో అసలు గొడవ జనంతో కాదు, నీ చేతులతోనే. రెండు చేతులూ ఛాతీ ముందు దాటుకునేటప్పుడు కుడి కత్తి మొన ఎడమ మోచెయ్యి పక్కనుంచే వెళ్తుంది. బ్లేడు పొడుగైన కొద్దీ ఆ మొనను మోచెయ్యికి దూరంగా తిప్పడానికి చేతులు ఇంకా బయటికి చాచాలి, అలా చాచగానే వేగం పోతుంది. రెండు కత్తులూ ఒకే పొడవు, ఒకే బరువు ఉండాలి. ఒకటి ఇంట్లోది, ఒకటి పక్క ఊరి నుంచి తెచ్చినది కలిపి తిప్పితే చెయ్యి ఒకదానికి అలవాటుపడి రెండోదానితో తప్పుతుంది.

మనిషిని పడుకోబెట్టి పొట్ట మీద దోసకాయో గుమ్మడికాయో పెట్టి నరకడం ప్రదర్శనల్లో చాలామంది చేస్తారు. నేను చేయించను, నా దగ్గర నేర్చుకున్నవాళ్లను చేయనివ్వను. చప్పట్ల కోసం పక్కవాడి పేగులు పణంగా పెట్టడమేంటి? కాయ కొట్టాలనిపిస్తే మొద్దు మీద పెట్టి కొట్టు, గురువుగారి కళ్ల ముందు.

చట్టం సంగతి కూడా చూసుకో. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది, ఇప్పుడు అమల్లో ఉన్న నియమాలు 2016వి. బ్లేడు 9 అంగుళాలకు మించి పొడవున్నా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా, ఇంటి పనికో వ్యవసాయానికో చేసినది కాకపోతే ఆ నియమాల ప్రకారం అది ఆయుధాల జాబితాలోకి వస్తుంది. కత్తులను పేరు పెట్టి మరీ చేర్చారు. కొడవలి పట్టుకుని పొలానికి వెళ్లేవాడిని ఎవరూ ఆపరు గానీ బైకు మీద కత్తి పెట్టుకుని చౌరస్తాలో తిరిగితే ఆపుతారు. కొనేముందు, ప్రదర్శనకు ముందు మీ ఠాణాకు వెళ్లి అడుగు, ప్రదర్శనకు పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకో. తీసుకెళ్లేటప్పుడు బట్ట చుట్టి, తాడు కట్టి తీసుకెళ్లు. కత్తి పట్టుకుని పుట్టినరోజు కేకు కోస్తూ వీడియో పెట్టినవాళ్ల సంగతి పేపర్లో చూస్తూనే ఉన్నావు కదా.

నాటకం కత్తి గురించి తక్కువ చెబుతా, అది తేలిక. ఇనుము వద్దే వద్దు. కర్రతో చేయించి, వెండి రంగు వేయించు. కింద కూర్చున్నవాళ్లకు 24 అంగుళాల కత్తి కూడా పెద్దగానే కనిపిస్తుంది. పొడుగైతే పైన తెరకు, మైకు తీగలకు చుట్టుకుంటుంది. రాజు వేషం వేసినవాడు ఒర కట్టుకుని సింహాసనం మీద కూర్చోవాలి, లేవాలి. ఒర పొడుగుంటే కుర్చీ చేతికి తట్టుకుంటుంది లేదా పంచె కుచ్చిళ్లలో దూరుతుంది. యుద్ధం సీనులో ఇద్దరి కత్తులూ ఒకే పొడవు ఉండేలా చూసుకో, రిహార్సల్‌కు కూడా అవే వాడు. పెండ్లిలో వరుడి చేతికిచ్చే, మొనకు నిమ్మకాయ గుచ్చిన కటారుకు మాత్రం ఈ లెక్కలేవీ అక్కర్లేదు, జానెడు చాలు.

ఇక మీ మామ తప్పకుండా గుర్రాల వాదన తెస్తాడు, పాతకాలం కత్తులు పొడుగ్గా ఉండేవి కదా అని. ఉండేవి, గుర్రం మీద ఉన్నవాళ్లకు. గుర్రం మీదినుంచి కింద ఉన్నవాడిని అందుకోవాలి. పైగా గుర్రం పరుగులో దొరికేది ఒక్క వేటు, తర్వాత దాటిపోతాడు, మొనను ఆపి వెనక్కి తెచ్చే అవసరం అంతగా రాదు. బ్రిటిష్ సైన్యం 1796 నమూనా తేలిక అశ్వదళం సేబర్‌కు, అంటే వంపు కత్తికి, బ్లేడు 33 అంగుళాల దగ్గర, భారీ అశ్వదళం కత్తికి 35. అదే దేశం తన నౌకాదళానికి 1804లో ఇచ్చిన కట్లాస్ 29 అంగుళాలే. ఓడ మీద తాళ్లు, స్తంభాలు, తల తగిలే లోకప్పు, చుట్టూ సొంత మనుషులు. రోమన్ కాల్బలం పెద్ద డాలు పట్టుకుని ఒకరి పక్కన ఒకరు వరుసగా నిలబడి పోరాడేది, వాళ్ల గ్లాడియస్ బ్లేడ్లు ఎక్కువగా 18 నుంచి 26 అంగుళాల మధ్య ఉండేవి. వాళ్లలోనే గుర్రపువాళ్లు పట్టిన స్పాథా అంతకంటే పొడుగు. ఒకే సైన్యంలో ఇంత తేడా ఉందంటే అందరికీ పొడుగే మంచిదన్న మాట ఎక్కడ నిలబడుతుంది?

మన శాస్త్రాల్లో కూడా ఒకే అంకె లేదు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉత్తమ ఖడ్గం 50 అంగుళాలు, తక్కువలో తక్కువ 25 అని చెప్పాడు. ఆ కొలత వేలి వెడల్పు లెక్క, మన టేపు మీది అంగుళంలో సుమారు ముప్పావు వంతు. అంటే ఇప్పటి లెక్కలో 19 నుంచి 37, 38 దాకా. మీ మామ ఆ 50 చూపించి నిన్ను బెదరగొట్టకుండా ఇది ముందే చెబుతున్నా.

ఇవన్నీ ఎందుకు, ఒకసారి భువనగిరి గుట్ట ఎక్కు, లేకపోతే దేవరకొండ కోటకు వెళ్లు. దక్కన్ కోటల్లో చాలావాటికి దర్వాజ దాటగానే దారి తిన్నగా సాగదు, పక్కకు మళ్లుతుంది, ఏనుగులు గుర్రాలు ఒకే ఊపున లోపలికి రాకుండా. ఆ మలుపులో నిలబడి చుట్టూ చూడు. ఎడమ పక్క రాయి, కుడి పక్క రాయి, వెనక నీవాళ్లే పదిమంది. అక్కడ 36 అంగుళాల కత్తి పైకెత్తి వెనక్కి తీశావంటే మొదట తగిలేది వెనకవాడి మొహానికి. అక్కడ పొట్టి కత్తో కటారో పని చేస్తుంది, లేదంటే ఈటెతో ముందుకు తోయాలి. డాలు పట్టినవాడికీ ఇదే లెక్క. డాలు చాటు నుంచి కత్తి బయటికి రావాలి, మళ్లీ లోపలికి పోవాలి. నువ్వు ముందుముందు డాలుతో సాము నేర్చుకుంటే 26 దాటకు. ఊరి చివర వీరగల్లులు, అంటే వీరుల బొమ్మలు చెక్కిన రాళ్లు చూసి వాటి నుంచి కొలత తీసే ప్రయత్నం కొందరు చేస్తుంటారు, అది వద్దు. శిల్పికి ఆ రాయి వెడల్పులోనే మనిషి, చెయ్యి, కత్తి, డాలు అన్నీ ఇమడాలి, కత్తి దానికి తగ్గట్టే కుదించుకుపోతుంది.

పోటీల వైపు వెళ్లాలనుకుంటే పొడవు నువ్వు ఎంచుకునేది కాదు, రూల్ బుక్ చెబుతుంది. ఫెన్సింగ్‌లో మూడు రకాల కత్తులు. ఫాయిల్, ఎపే బ్లేడు గరిష్ఠంగా 90 సెంటీమీటర్లు, సేబర్‌కు 88. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లి మన దేశం నుంచి మొదటి ఫెన్సర్ అనిపించుకున్న భవానీ దేవి ఆడేది ఈ సేబరే. 88 అంటే దాదాపు 35 అంగుళాలు కదా, మరి నాకు 28 చాలంటావేంటి అని అడుగుతావు. ఆ సేబర్ మొత్తం బరువు అర కిలో లోపే. నీకు దొరికే ఇనుప కత్తి కిలో. చైనా వాళ్ల సాము వూషూలో ఇంకో పద్ధతి. కత్తిని ఎడమ చేత్తో పట్టి చెయ్యి కిందికి వదిలి మోచెయ్యి వెంట నిలబెడితే మొన చెవి పై అంచుకు తక్కువ కాకూడదు. జపాన్ వాళ్ల కత్తిసాము కెండోలో పెద్దవాళ్ల వెదురు కత్తి 120 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, దాన్ని రెండు చేతులతో పట్టుకుంటారు. ఒంటి చేతి లెక్కను రెండు చేతుల కత్తికి పెట్టకు, పిడి మీద రెండో చెయ్యి పడిందంటే ఆపే బలం బాగా పెరుగుతుంది.

కొనేటప్పుడు అమ్మేవాడిని బ్లేడు పొడవు ఎంత, మొత్తం బరువు ఎంత, పిడి లోపలికి వెళ్లే ఇనుము ఎంత వెడల్పు అని అడుగు. 28 అంగుళాల మొద్దు కత్తి 900 గ్రాములు దాటకపోతే మంచిది. అడ్డపట్టీ ముందు ఒక వేలి మీద ఆనించి చూస్తే నాలుగైదు అంగుళాల దగ్గర తూగాలి. ఎనిమిది దగ్గర తూగుతుంటే అది మొన బరువు కత్తి, 28 అయినా 34లా లాగుతుంది. పిడి లోపల పెన్సిలంత చువ్వ వెల్డింగ్ చేసి ఉంటే అది గోడకు పెట్టుకునే బొమ్మ. స్టెయిన్‌లెస్ స్టీల్ అలంకారం కత్తులు ఎక్కువగా ఇలాంటివే. గట్టిగా తిప్పితే వెల్డింగ్ దగ్గర తెగి బ్లేడు ఎగిరిపోతుంది, పిడి నీ చేతిలో ఉండిపోతుంది.

చివరిగా తాతగారి తల్వార్. పాత తల్వార్లలో బ్లేడును పిడి గొట్టంలోకి దించి లక్కతో అతికించేవారు. దశాబ్దాలు గడిస్తే ఆ లక్క ఎండి పొడిపొడి అవుతుంది. కత్తిని చెవి దగ్గర పెట్టుకుని పిడి పట్టి మెల్లగా ఊపు. లోపల సన్నగా కటకట వినిపిస్తే, లేదా పిడి మూతి నుంచి ఎర్రగానో నల్లగానో పొడి రాలితే పట్టు వదిలేసినట్టే. శబ్దం రాకపోయినా తిప్పే పని పెట్టుకోవద్దు, లోపలి ఇనుము తుప్పు పట్టిందో లేదో పైనుంచి కనపడదు.

ఆ తల్వార్ పిడి కూడా ఓసారి పట్టుకుని చూడు, నీ నాలుగు వేళ్లు ఇరుకు ఇరుకుగా పడతాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూసినవాళ్లు పిడులు ఇంత చిన్నవా అని ఆశ్చర్యపోతుంటారు, పాతవాళ్ల చేతులు చిన్నవి అనుకుంటారు. పిడి కింద గుండ్రటి పళ్లెం ఉంటుంది చూడు. చెయ్యి చాచి మొనను ముందుకు గురిపెట్టబోతే ఆ పళ్లెం అంచు మణికట్టులో దిగుతుంది. పట్టు బిగించి, మణికట్టు కదలకుండా, మోచెయ్యితో భుజంతో లాగి కోయడానికి అలా చేశారు. అందుకే 30 అంగుళాల తల్వార్ అందుకునే దూరం, 30 అంగుళాల సేబర్ అందుకునే దూరం ఒకటి కావు. మీ గురువుగారి పద్ధతిలో మణికట్టు బాగా తిరిగేది ఉంటే తల్వార్ పిడి ఉన్న కత్తి అసలు కొనకు, పళ్లెం లేని పిడి చూసుకో.

ఆ తల్వార్‌కు సాండ్ పేపర్ పెట్టి తళతళలాడించకు, బ్లేడు మీద గీతల నగిషీ ఏదైనా ఉంటే అదీ పోతుంది. మెత్తటి బట్టతో తుడిచి, పల్చగా మెషిన్ ఆయిల్ రాసి, దసరా రోజు పూజలో పెట్టుకో. పసుపు కుంకుమ పిడికి పెట్టు, ఇనుము మీద వద్దు, తడికి మరక పడుతుంది. పూజకు దింపినప్పుడే దారం పట్టి బ్లేడు కొలిచి, వంపు ఎంత ఉందో కాగితం మీద గీసుకో. అది 30 లోపు ఉంటే అదే కొలతతో, దాటితే 28కి కుదించి, వడ్రంగితో ఒక కర్ర కత్తి చేయించు. తుమ్మ అయితే దెబ్బకు ఆగుతుంది, టేకు తేలిగ్గా ఉంటుంది గానీ పీచు వెంట చీలుతుంది. మొన గుండ్రంగా తీయించు, పిడికి మాత్రం నీ చేతి కొలత ఇవ్వు. ఇనుప కత్తి ఆర్డర్ పెట్టేది ఆ కర్రతో నిమ్మకాయ ఊగకుండా ఆపగలిగిన తర్వాతే.